ట్రిలియంల వాలు, ఈస్టర్ బకెట్లు

నేను లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టింది చదువు మీద ప్రేమతో కాదు, మా ఆవిడ నిద్ర కోసం. డెబ్బయ్యో దశకం చివర్లో ఆమె నర్సు ఉద్యోగం మీద ఒహాయో దక్షిణాన ఒక చిన్న ఊరికి వచ్చింది. కొన్నాళ్ళకు ఆమె వెనకాలే నేనూ వచ్చాను. ఆమెకు రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. మాది ఒకే గది ఉన్న అపార్ట్‌మెంట్. నేను కుర్చీ జరిపినా, గిన్నె కదిపినా, చివరికి పేపరు తిరగేసినా ఆమెకు మెలకువ వచ్చేసేది.

"ఏమండీ, మీరు ఊపిరి కూడా చప్పుడు చేస్తూనే పీలుస్తారా?" అని ఒకరోజు దుప్పటిలోంచి అడిగింది.

ఆ రోజే కోటు తొడుక్కుని బయటపడ్డాను. బయటంతా మంచు. నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, వెచ్చగా ఉండి, ఎందుకొచ్చావని అడగని చోటు లైబ్రరీ ఒక్కటే కనిపించింది. తర్వాత నాకూ ఆమె పనిచేసే హాస్పిటల్ లాండ్రీలోనే సాయంత్రం షిఫ్టు దొరికింది. పొద్దున లైబ్రరీ, సాయంత్రం దుప్పట్లు. చాలా ఏళ్ళు నా జీవితం ఇలాగే నడిచింది, నాకు బాగానే నడిచింది.

నా చదువు ఇంటర్మీడియట్ మధ్యలో ఆగిపోయింది. అదీ తెలుగు మీడియం. అందుకని బొమ్మలున్న పుస్తకాలతో మొదలుపెట్టాను. కుడిచేతి పక్కన డిక్షనరీ, ఎడంచేతి పక్కన పుస్తకం. పక్షులయ్యాయి, రాళ్ళయ్యాయి, తర్వాత అడవి పూల దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయాను. దానికి కారణం ఒక పేజీ. అందులో ఒక తెల్లని పువ్వు బొమ్మ, దాని భాగాలన్నిటికీ బాణం గుర్తులు. హైస్కూల్లో మా సైన్సు మాస్టారు మందార పువ్వును బ్లేడుతో నిలువునా కోసి చెప్పిన పాఠం ఒక్కసారిగా గుర్తొచ్చింది. బాణం ఎటు చూపిస్తే అటు తెలుగు పేరు నోటికి వచ్చేసింది. రక్షక పత్రాలు, ఆకర్షక పత్రాలు, కేసరాలు, అండాశయం. పరాయి దేశంలో, పరాయి భాషలో, డిక్షనరీ తెరవకుండా నేను చదివిన మొదటి పేజీ అది. ఆ పువ్వు పేరు ట్రిలియం. దాంట్లో అన్నీ మూడే. మూడు ఆకులు, మూడు రక్షక పత్రాలు, మూడు రేకులు.

ఆ పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకోవడం, గడువు రాగానే తిరిగిచ్చి మళ్ళీ తెచ్చుకోవడం. ఇదే నా పని. తిరిగొచ్చిన పుస్తకాలను అరల్లో సర్దడానికి ఒక పెద్దావిడ వస్తూ ఉండేది. భర్త పోయాడు, ఊరి చివర పాత ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆమె ఒకరోజు నా బల్ల దగ్గర ఆగింది.

"ఈ పుస్తకాన్ని అరలో పెట్టే అవకాశం నువ్వు నాకెప్పుడూ ఇవ్వవు" అంది. పేజీ చూసి, "ఆ పువ్వును ఎక్కడైనా చూశావా?" అని అడిగింది.

"ఇక్కడే చూశాను" అని బొమ్మ మీద వేలు పెట్టాను.

ఆమె నవ్వింది. "మా ఇంటి వెనక అడవిలో ఉంది. ఏప్రిల్ చివర్లో రా. రబ్బరు బూట్లు వేసుకుని రా."

ఏప్రిల్‌లో వెళ్ళాను. ఆమె ఇంటి వెనక ఒక ఇనుప గేటు, దాని అవతల బీచి చెట్లు, మేపుల్ చెట్లు. చెట్లకు ఇంకా ఆకులు రాలేదు. ఎండ కొమ్మల మధ్యనుంచి నేరుగా నేల మీద పడుతోంది. కాలిబాట ఒక చిన్న వాగు పక్కన వంపు తిరగ్గానే, ఉత్తరం వైపు దిగే వాలు కనిపించింది. ఆ వాలంతా తెల్లగా ఉంది. లాండ్రీలో పనిచేసేవాణ్ణి కదా, ఎవరో చేతిరుమాళ్ళు ఉతికి వందలకొద్దీ ఆరేశారనే అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంటే, ఒక్కో కాడకు మూడు వెడల్పాటి ఆకులు, వాటి పైన ఒకే ఒక్క పువ్వు. వాగుకు దగ్గరగా ఇంకో రకం ఉంది. ముదురు ఎరుపు, మచ్చల ఆకులు, కాడ లేకుండా పువ్వు ఆకుల మీదే కూర్చుంటుంది. దాని వాసన బాగుండదని పుస్తకంలో రాశారు. రాసింది నిజమో కాదో చూద్దామని ముక్కు పెట్టాను. నిజమే రాశారు. పచ్చి మాంసం కొట్టు ముందు నిలబడ్డట్టుంది.

పెద్దావిడ గేటు వెనక ఒక కథ ఉంది. పక్కవాళ్ళ అడవిలో కూడా ఒకప్పుడు ఇవి ఇలాగే ఉండేవట. వచ్చినవాళ్ళు గుత్తులుగా కోసుకెళ్ళారు, తోటల్లో పెట్టుకోవడానికి తవ్వుకెళ్ళారు. ఇప్పుడు అక్కడ మట్టి తప్ప ఏమీ లేదు. "కోయనివాళ్ళకు, తవ్వనివాళ్ళకు ఈ గేటు తెరిచే ఉంటుంది. ఒక్కసారి కోశారంటే ఎవరికీ ఉండదు" అని నాకు మొదటిరోజే చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత ప్రతి వసంతంలో వెళ్ళేవాణ్ణి. ఆ వాలు ఎంత నాదైపోయిందంటే, చలికాలం చివర్లో దుప్పట్లు మడతపెడుతూ ఈసారి ఎప్పుడు పూస్తాయోనని లెక్కలు వేసుకునేవాణ్ణి.

ఇక మా సంఘం సంగతి. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ నెలకొకసారి, గంటా గంటన్నర డ్రైవ్ చేసుకుని వచ్చి, ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆరాధన పెట్టుకునేవాళ్ళం. తెలుగు పాటలు, తెలుగు ప్రార్థన, తర్వాత కోడి పలావు. మాకు పాస్టరుగారంటూ ఎవరూ లేరు. రేపల్లె వైపు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు సంఘ పెద్దగా ఉండేవారు. మంచి మనిషి, పెద్ద గొంతు. మైకు అవసరం లేకపోయినా మైకులోనే మాట్లాడేవారు. ఆయన భార్య అక్కడ మిషన్ స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చినావిడ. నేను ఆయన్ని అన్నగారూ అని, ఆవిణ్ణి వదినగారూ అని పిలిచేవాణ్ణి.

ఎనభైల్లో ఒక ఏడాది ఈస్టర్ ఆలస్యంగా, ఏప్రిల్ మూడో వారం దాటాక వచ్చింది. దానికి ముందు నెల ఆరాధనలో సండే స్కూల్ పిల్లలకు పాఠం చెప్పమని నన్ను అడిగారు. త్రియేక దేవుడి గురించి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ కలిసి ఒక్క దేవుడే అన్నదాని గురించి చెప్పాలి. పెద్దవాళ్ళకే అంత తేలిగ్గా ఎక్కని విషయం. నేను లైబ్రరీ పుస్తకం పట్టుకెళ్ళి ట్రిలియం బొమ్మ చూపించాను. మూడు రేకులు, పువ్వు మాత్రం ఒక్కటే అన్నాను. పిల్లలకు నచ్చింది. వాళ్ళకన్నా, వెనక నిలబడి వింటున్న అన్నగారికి ఇంకా నచ్చింది.

ఆరాధన చివర్లో ప్రకటనలప్పుడు ఆయన మైకు తీసుకున్నారు. "ప్రియులారా, ఈసారి ఈస్టర్‌కి పూలు ఎక్కడినుంచి తేవాలా అని ఆలోచిస్తున్నాం. దేవుడే దారి చూపించాడు. మన బ్రదర్‌కి తెలిసిన అడవిలో త్రియేక దేవుడి పువ్వు ఉందంట. ముందురోజు శనివారం మధ్యాహ్నం యూత్ అందరూ బకెట్లు పట్టుకుని ఇక్కడికి రావాలి. ఆరాధన బల్లంతా అవే పెడదాం."

అందరూ ఆమెన్ అన్నారు. నేను మాత్రం పలావు ప్లేటు పట్టుకుని ఆయన వెనకాల పడ్డాను.

"అన్నగారూ, ఆ పూలు కోయకూడదండీ."

"ఏం, పోలీసులు పట్టుకుంటారా?"

"అది కాదండీ. కోస్తే మొక్కకు ప్రమాదం. చచ్చిపోవచ్చు కూడా."

"పువ్వు కోస్తే మొక్క చచ్చేదేంటి బ్రదర్? మా అమ్మ మల్లెపాదు రోజూ కోసేది. కనకాంబరాలు రోజూ కోసేది. కొయ్యకపోతేనే మొగ్గ తగ్గుతుంది."

"ఇది మల్లె కాదండీ."

"పువ్వేనా?"

"పువ్వేనండీ."

"మరింకేం. పెరుగు పచ్చడి వేసుకో, అయిపోతోంది."

నేను వదల్లేదు. ఈ మొక్కకు ఆకులు మూడే ఉంటాయని, పువ్వును కాడతో కోస్తే ఆ ఆకులూ దాంతోపాటే వచ్చేస్తాయని, ఆకుల్లేకపోతే ఏడాదికి సరిపడా ఆహారాన్ని నేలలో ఉన్న దుంప ఎక్కడినుంచి తెచ్చుకుంటుందని, పుస్తకంలో ఉన్నదంతా వరసగా చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నారు. విని, "నీకు చాలా నాలెడ్జ్ ఉంది బ్రదర్" అని భుజం తట్టి, స్వీటు తెచ్చుకోవడానికి వెళ్ళిపోయారు. ఆయన తప్పేం లేదు. మన వైపు పువ్వంటే కోయడానికే. తల్లోకో, దేవుడికో, పెళ్ళికో. చెట్టు మీదే వాడిపోనిస్తే అయ్యో వేస్టయింది అంటారు. నేనూ అలాగే పెరిగాను.

కారులో మా ఆవిడ అంది, "లైబ్రరీలో మాట్లాడనివ్వరు గదా. అక్కడ మింగిన మాటలన్నీ దాచుకొచ్చి చర్చిలో పోస్తారు మీరు."

"ఇప్పుడేం చెయ్యాలో చెప్పు. బకెట్లు పట్టుకుని వస్తే ఆ వాలు పోతుంది. ఆ పెద్దావిడ మళ్ళీ నా మొహం చూడదు."

ఆమె ఒక సిగ్నల్ దాటేదాకా ఆలోచించింది. "చెప్పింది చాలు, చూపించండి. అన్నగారొక్కరినే తీసుకెళ్ళకండి, వదినగారినీ రమ్మనండి. ఆయన ఎవరి మాటైనా వింటారంటే ఆవిడ మాటే."

శనివారం పొద్దున్నే ఇద్దరినీ రమ్మన్నాను. యూత్ మధ్యాహ్నం వస్తారు, ముందు మనం ఒకసారి చూసి వద్దామని చెప్పాను. పెద్దావిణ్ణి ముందే అడిగి ఉంచాను. ఇద్దరు స్నేహితులు చూడ్డానికి వస్తారంటే సరేనంది. అన్నగారు కారు దిగుతూనే డిక్కీ తెరిచి పెద్ద ప్లాస్టిక్ బకెట్ బయటికి తీశారు. సరిగ్గా అప్పుడే పెద్దావిడ వరండాలోకి వచ్చింది.

"బకెట్ డిక్కీలోనే ఉంచండి అన్నగారూ" అన్నాను తెలుగులో, మొహం మీద నవ్వు చెదరకుండా.

"శాంపిల్‌కి నాలుగు కోద్దామని."

"ముందు చూద్దామండీ."

పెద్దావిడ చెయ్యి ఊపింది. "ఆయన చేపలు పట్టడానికి వచ్చాడా?" అని అడిగింది.

"ఆయనకు బకెట్ అంటే ఇష్టం" అన్నాను. ఇంకేం తోచలేదు.

వంపు తిరిగి వాలు కనిపించగానే అన్నగారి గొంతు ఆగిపోయింది. అది అరుదైన విషయం. మళ్ళీ తేరుకుని, "ఇన్ని ఉన్నాయి గదయ్యా. వంద కోస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. కోటు జేబులోంచి కత్తెర బయటికొచ్చింది. అది ఎప్పుడు పెట్టుకున్నారో నేను చూడనేలేదు. ఆయన వంగి ఒక పువ్వు కాడ పట్టుకున్నారు. నేను కంగారుగా వెనక్కి చూశాను. చెట్ల మధ్యనుంచి పెద్దావిడ వరండా కనిపిస్తూనే ఉంది.

"ఆగండి" అన్నారు వదినగారు. ఆవిడ పూలను చూడటం లేదు. తన చెప్పుల చుట్టూ నేలను చూస్తున్నారు. "తమ్ముడూ, ఈ ఒంటి ఆకులేంటి? అడుగు పెట్టనివ్వట్లేదు."

"అవి కూడా ఇవేనండీ. పిల్ల మొక్కలు."

"ఒక్క ఆకేనా?"

"మొదటి ఏడాది పైకి ఏమీ రాదండీ, కింద వేరు మాత్రమే. తర్వాత ఒక్క ఆకు. అలా కొన్నాళ్ళు ఉండి, అప్పుడు మూడాకులు. పువ్వు రావాలంటే తక్కువలో తక్కువ ఏడేళ్ళు. ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు."

ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కోటు మోకాళ్ళకు తగులుతుండగా కిందికి వంగారు. వేలితో చూపించడం మొదలుపెట్టారు. "అయితే ఇది ఒకటో తరగతి. ఇది రెండు. ఇది మూడో నాలుగో. ఇది చూడు, పొడుగయింది కానీ ఇంకా మొగ్గ లేదు, ఇది ఆరు." లేచి నిలబడి భర్త వైపు చూశారు. "పువ్వు వచ్చిందంటే ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష పాసయినట్టు. పాసవగానే మీరు కత్తెర పట్టుకుని టీసీ ఇచ్చి పంపిస్తారా?"

"అది కాదే..."

"కోస్తే ఏమవుతుంది తమ్ముడూ?"

"చచ్చిపోకపోతే వెనక్కి పోతుందండీ. మళ్ళీ ఏడాది చిన్న మొక్కలాగే వస్తుంది. మళ్ళీ పూయడానికి చాలా ఏళ్ళు పడుతుందని రాశారు."

"విన్నారా? పాసయినదాన్ని మళ్ళీ మూడో తరగతిలో కూర్చోబెడతారంట. ఏడో తరగతి రెండుసార్లు రాసినవాళ్ళకు తెలియాలి ఆ బాధ."

అన్నగారి మొహం ఎర్రబడింది. నేను ఒక మేపుల్ చెట్టు బెరడును చాలా శ్రద్ధగా పరిశీలించాను. కాసేపటికి ఆయనే నవ్వారు. "లెక్కల్లో పోయింది. ఇంజనీరునయినా ఇంకా అంటూనే ఉంటుంది చూడు" అని నాతో అని, కత్తెర జేబులో వేసుకున్నారు. వెంటనే మళ్ళీ దిగులుపడ్డారు. "నేను మైకులో చెప్పేశాను గదా. మధ్యాహ్నం పిల్లలు బకెట్లతో వచ్చేస్తారు. రేపు బల్ల మీద ఏం పెట్టాలి?"

దానికి వదినగారి దగ్గర జవాబుంది. క్రిస్మస్‌కు వాళ్ళ స్కూల్లో పిల్లలతో కాగితం పూలు చేయించేవారట. కాగితం నలిగిపోతుంది, గుడ్డయితే బాగుంటుందన్నారు. గుడ్డ అనగానే నాకు లాండ్రీ గుర్తొచ్చింది. చిరిగిన దుప్పట్లను తుడుపు గుడ్డలకు పక్కన పెడతాం. సూపర్‌వైజర్‌ను అడిగితే ఓ మూటంత పట్టుకుపొమ్మన్నాడు.

ఆ మధ్యాహ్నం చర్చి వంటింట్లో వదినగారు పెద్ద గిన్నెతో అన్నం వండి గంజి వార్చారు. దుప్పటి ముక్కల్ని అందులో ముంచి, పిండి, ఆరీ ఆరకముందే ఇస్త్రీ చేశాం. అట్టలా బిగుసుకున్నాయి. బకెట్లతో వచ్చిన యూత్ అన్నగారి బకెట్ నిండా గంజి చూసి తెల్లబోయారు.

"ఆంటీ, వేర్ ఆర్ ద ఫ్లవర్స్?"

"నీ చేతిలోనే ఉన్నాయి నాన్నా. కట్ చెయ్యి."

సాయంత్రం అయ్యేసరికి అందరి జుట్టుకీ, బట్టలకీ గంజి వాసన. మూడు రేకులు, ఆకుపచ్చ రంగు వేసిన మూడు ఆకులు, మధ్యలో పసుపు నూలు. అన్నగారు ఒకటి ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "సీలింగ్ ఫ్యాన్‌లా ఉంది" అన్నారు. అయినా అన్నిటికన్నా ఎక్కువ ఆయనే కత్తిరించారు.

పెద్దావిణ్ణి ఆరాధనకు పిలవాలన్నది కూడా ఆయన పట్టుదలే. చూడనిచ్చింది కాబట్టి పిలవాలన్నారు. ఆమె వచ్చింది. ముందు వరసలో నా పక్కన కూర్చుంది. కూర్చున్నాక బల్ల వైపు చూసింది. దీపాల వెలుగులో బల్ల ఈ చివరినుంచి ఆ చివరిదాకా ట్రిలియంలు. ఆమె మొహంలో రంగు పోయింది. నెమ్మదిగా నా వైపు తిరిగింది. నేను ఏదో చెప్పబోయేలోపల అన్నగారు పాట ఎత్తుకున్నారు. మన పాటలు పొట్టివి కావు కదా. చరణం తర్వాత చరణం. ఆమె బల్లనే చూస్తోంది, నేను ఆమెను చూస్తున్నాను. 

ఆమెన్ అనగానే ఆమె లేచి నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. ఒక రేకును రెండు వేళ్ళతో పట్టుకుంది. నొక్కింది. వాసన చూసింది. వెనక్కి తిరిగి గట్టిగా నవ్వేసింది.

"ఇది దుప్పటి" అంది.

"హాస్పిటల్‌ది" అన్నాను.

"బాగా చేశారు. కానీ రక్షక పత్రాలు లేవు. రేకుల కింద మూడు ఆకుపచ్చవి ఉండాలి."

నాకు సిగ్గేసింది. అన్ని బాణాల పేర్లూ నోటికి వచ్చినవాణ్ణి, మొట్టమొదటిదే మరిచిపోయాను. ఆమె మాత్రం ఒకటి అడిగి ఇంటికి పట్టుకెళ్ళింది. పలావు కూడా రెండోసారి వేయించుకుంది.

రెండు వారాలు గడిచాక అన్నగారు ఫోన్ చేశారు. "బ్రదర్, ఆ పూలు వాడిపోయి ఉంటాయి గదా?"

"లేదండీ. తెలుపు పోయి గులాబీ రంగులోకి తిరుగుతుంటాయి ఇప్పుడు."

"చూశావా, చదివావా?"

"రెండూనండీ."

మర్నాడే వచ్చారు, ఈసారి బకెట్ లేకుండా. వాలంతా లేత గులాబీ. చెట్లకు కొత్త ఆకులు వచ్చి ఎండ పలచబడింది. ఆయన చాలాసేపు నిలబడ్డారు. "కోసి ఉంటే ఇది చూసేవాళ్ళం కాదు" అన్నారు, తనలో తను అనుకున్నట్టు. కానీ ఆయన తనలో తను అనుకున్నా వాగు అవతలికి వినిపిస్తుంది.

"తర్వాత ఏమవుతుంది?"

"కాయ పగిలి గింజలు రాలతాయండీ. గింజకు చివర ఒక కొవ్వు ముద్దలాంటిది ఉంటుంది. దానికోసం చీమలు వచ్చి గింజల్ని మోసుకుపోతాయి. అది తినేసి గింజను వదిలేస్తే, అక్కడ మొలుస్తాయి."

"చీమలా? ఈ కొండంతా చీమలు నాటినదేనా?"

"చాలావరకు అంతేనంట."

ఆయన ప్యాంటు మోకాళ్ళు పైకి లాక్కుని గొంతుకూర్చున్నారు. ఆకుల కింద వెతకడం మొదలుపెట్టారు. చీమలింకా రావండీ, జూన్ చివర్లోగానీ కాయ పండదు అన్నాను.

"అయితే జూన్‌లో వద్దాం. మీ వదినను కూడా తెస్తాను. ఆ పెద్దావిణ్ణి అడుగు, గేటు తీస్తుందేమో."

వెళ్ళి అడిగాను. పెద్దావిడ వరండాలో బఠాణీలు ఒలుస్తోంది. తలెత్తకుండానే, "జూన్‌లో దోమలు ఎక్కువ. పొడుగు చేతుల చొక్కా వేసుకోమని చెప్పు" అంది.